ఆరు పెగ్గులకు అయిదేళ్ల బాకీ

(నాటకీయ పునర్నిర్మాణం. ఇందులోని కుటుంబం ఏ ఒక్క ఇంటిదీ కాదు. ఇంగ్లండులో మనవాళ్లు ఇలాంటి చిక్కులో పడినప్పుడు నడవాల్సిన దారినంతా ఒక ఇంటి కథగా మలిచాం. చట్టాలు, అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం.)

"గడచిన అయిదేళ్లలో డ్రైవింగుకు సంబంధించి మీకేమైనా శిక్ష పడిందా?"

లాప్‌టాప్ తెర మీద ఆ ప్రశ్న దగ్గరకొచ్చి అతని చెయ్యి ఆగిపోయింది. కింద రెండే గడులు. అవును, కాదు.

'అవును' నొక్కాడు. ఏ శిక్షో చెప్పమంటూ పెద్ద జాబితా తెరుచుకుంది. అందులో 'డీఆర్10' వెతికి పట్టుకున్నాడు. పరిమితికి మించి మద్యం ఒంట్లో ఉండగా బండి నడిపినందుకు బ్రిటన్‌లో లైసెన్సు రికార్డులోకి ఎక్కే కోడ్ అది. తేదీ, నిషేధం ఎన్ని నెలలో నింపి కింది బటన్ నొక్కాడు. ఇదివరకు అదే చోట బోలెడన్ని కంపెనీలు పోటీపడి ధరలు చూపించేవి. ఈసారి చాలా కంపెనీలు అసలు కనిపించనే లేదు. మిగిలిన నాలుగైదింటిలో అన్నిటికన్నా తక్కువది కూడా అతను ఒకప్పుడు కట్టినదానికి మూడింతలుంది.

"ఎంత చూపించింది బావా?" వంటింట్లోంచి అడిగింది భార్య.

అతను జవాబు చెప్పలేదు. ఆమే వచ్చి చూసింది. చూసి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

రెడింగ్‌లో ఇల్లు. అతనికి స్లౌలోని ఒక డేటా సెంటర్లో ఉద్యోగం, వారం విడిచి వారం రాత్రి డ్యూటీ. అర్ధరాత్రి దాటాక డ్యూటీ దిగితే రైలు దొరకడం కష్టం. ఆమె ఆస్పత్రిలో నర్సు, ఆమె షిఫ్టులు ఆమెవి. ఏడాది పాటు సహోద్యోగుల కార్ల వెనక సీట్లలో, చలిలో బస్టాపుల దగ్గర, ఒక్కోసారి ఆఫీసు సోఫా మీద గడిపాడు. ఇంకో మూడు వారాల్లో నిషేధం తీరిపోతుంది. లైసెన్సు తిరిగి తెప్పించుకోవడానికి దరఖాస్తు కూడా పంపేశాడు. ఇక కారు రోడ్డెక్కితే చాలని అనుకున్నాడు. ఎక్కించాలంటే ఇన్సూరెన్స్ ఉండాలి.

ఆ తెల్లవారుజాము

ఏడాది కిందటి మాట. అతని అత్తమామలు తణుకు దగ్గరి పల్లె నుంచి ఆర్నెల్ల విజిటర్ వీసా మీద వచ్చారు. మావగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. మర్నాడు పొద్దున్నే హీత్రూ నుంచి వాళ్ల తిరుగు విమానం. ముందు రాత్రి స్నేహితుడింట్లో గృహప్రవేశం. ఎవరి చేత్తో వాళ్లు గ్లాసుల్లో ఒంపుకున్న విస్కీ. ఆరు పెగ్గులు. ఒంటిగంటకు పడుకుని నాలుగింటికి లేచాడు. తలస్నానం చేసి, స్ట్రాంగ్ కాఫీ తాగి, పెట్టెలు కారెక్కించాడు.

"టాక్సీ పిలుద్దాం బావా, రాత్రంతా నిద్ర లేదు నీకు," అంది భార్య.

"పడుకుని లేచాను కదా, ఏం కాదు."

అతను నిజంగానే అలా నమ్మాడు. ఆ నమ్మకంలోనే ఉంది ప్రమాదమంతా. మన పెద్ద పెగ్గు 60 మిల్లీలీటర్లు. నలభై శాతం విస్కీ అయితే అందులో 24 మిల్లీలీటర్లు అచ్చమైన ఆల్కహాల్, బ్రిటన్ లెక్కలో 2.4 యూనిట్లు. ఆరు పెగ్గులంటే పద్నాలుగు యూనిట్లు దాటింది. ఒంట్లోంచి అది దిగేది సుమారు గంటకొక యూనిట్ చొప్పున. నిద్రపోయినా, స్నానం చేసినా, కాఫీ తాగినా ఆ వేగం పెరగదు. తెల్లవారుజామున అతను స్టీరింగు పట్టుకునే సరికి రాత్రి తాగినదాంట్లో చాలా భాగం ఇంకా రక్తంలోనే ఉంది.

ఎమ్4 మీద కారు ఒకసారి లేన్ గీత దాటి మళ్లీ లోపలికి వచ్చింది. వెనకే వస్తున్న పోలీసు కారు నీలం లైట్లు వెలిగాయి.

గొట్టంలో ఊదమన్నారు. ఊదాడు. వెనక సీట్లో అత్తగారు దేవుణ్ని తలుచుకుంటున్నారు. మావగారు మాత్రం కిటికీ అద్దంలోంచి అల్లుడినే చూస్తున్నారు. ఆర్టీసీ డిపోల్లో డ్యూటీ ఎక్కేముందు డ్రైవర్ల చేత ఇలాగే ఊదిస్తారు. ఆ యంత్రం ఏం చెబుతుందో, అది చెప్పాక ఏం జరుగుతుందో ఆయనకు ఇంకొకరు వివరించక్కర్లేదు.

ఇంగ్లండులో పరిమితి 100 మిల్లీలీటర్ల ఊపిరిలో 35 మైక్రోగ్రాములు, రక్తంలో అయితే 80 మిల్లీగ్రాములు. స్టేషన్లోని యంత్రం అతనికి 56 చూపించింది. అత్తమామలు టాక్సీలో విమానాశ్రయానికి వెళ్లిపోయారు. వీడ్కోలు చెప్పడానికి అల్లుడు పక్కన లేడు.

కోర్టు కాగితం

అక్స్‌బ్రిడ్జ్ మేజిస్ట్రేట్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అక్కడ ఈ నేరానికి కనీసం ఏడాది డ్రైవింగ్ నిషేధం తప్పదు. అతని రీడింగుకు మార్గదర్శకాలు చెప్పేది 12 నుంచి 16 నెలలు. కారులో ఇంకో ఇద్దరు ప్రయాణికులున్నారన్నది నేరాన్ని బరువెక్కించింది. పదహారు నెలల నిషేధం, పైన వారం జీతాన్ని మించిన జరిమానా. నిషేధం ఆ క్షణం నుంచే అమలు. కోర్టు మెట్లు దిగుతుంటే కారు తాళాలు భార్య చేతిలో ఉన్నాయి.

ఒక్క వెసులుబాటు దొరికింది. మద్యం మత్తులో నడిపినవాళ్ల కోసం పదహారు గంటల పునరావాస కోర్సు ఉంది. రుసుము 250 పౌండ్ల దాకా ఉంటుంది. గడువులోగా పూర్తిచేస్తే నిషేధంలో నాలుగో వంతు దాకా తగ్గుతుంది. పదహారు నెలలు పన్నెండయ్యాయి.

ఆ ఏడాదీ కారు ఇంటి ముందు సొంత జాగాలోనే ఉండిపోయింది. రోడ్డు మీద తిప్పడం లేదని లైసెన్సుల శాఖకు తెలియజేశారు. అలా చెప్పకుండా ఇన్సూరెన్స్ ఆపేస్తే, కారు కదలకపోయినా జరిమానా నోటీసు వస్తుంది. 2011 నుంచి అక్కడ ఇదే నియమం.

శిక్ష అంతటితో తీరిపోతుందనుకున్నాడు. మన దగ్గర డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికితే కోర్టు, జరిమానా, ఒక్కోసారి కొన్నాళ్ల జైలు, కౌన్సెలింగ్. మరుసటి ఏడాది బండి ఇన్సూరెన్సుకు వెళితే ఆ సంగతి సాధారణంగా ఎవరూ అడగరు. బ్రిటన్‌లో అలా కాదు. డీఆర్10 లైసెన్సు రికార్డులో పదకొండేళ్లు ఉంటుంది. తొలి శిక్ష పడిన నాటి నుంచి పదేళ్లలోపు రెండోసారి దొరికితే కనీస నిషేధం మూడేళ్లు. ఇన్సూరెన్స్ కంపెనీ అడిగినప్పుడల్లా శిక్ష పడిన నాటి నుంచి అయిదేళ్ల దాకా చెప్పి తీరాలి. ఆ తరువాత 1974 నాటి నేరస్థుల పునరావాస చట్టం కింద అది తీరిపోయిన శిక్ష అవుతుంది, బీమా కోసం చెప్పనక్కర్లేదు. వీసా, పౌరసత్వ దరఖాస్తుల దారి వేరు. అక్కడ అడిగిన శిక్షలన్నీ రాయాల్సిందే.

రెండు దొంగదారులు

మూడింతల ప్రీమియం చూసిన రాత్రే వాట్సాప్ గ్రూపులో ఒకతను పలికాడు. "అన్నా, సగం రేటుకు చేయిస్తా. డీఆర్10 సంగతి వదిలెయ్. డబ్బు పంపు, గంటలో పాలసీ కాగితం నీ ఫోన్లో ఉంటుంది."

కాగితం నమూనా పంపాడు కూడా. పెద్ద కంపెనీ లోగో, పాలసీ నంబరు, అన్నీ ఉన్నాయి. అతనికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఈయన పేరు ఎఫ్‌సీఏ రిజిస్టర్లో ఉందా?" అంది భార్య.

బ్రిటన్‌లో ఇన్సూరెన్స్ అమ్మేవాళ్లకు ఫైనాన్షియల్ కాండక్ట్ అథారిటీ అనుమతి ఉండాలి. ఆ రిజిస్టరును ఎవరైనా చూడొచ్చు. వెతికారు. లేడు. ఇలాంటివాళ్లను అక్కడ 'ఘోస్ట్ బ్రోకర్లు' అంటారు. కొందరు పూర్తిగా దొంగ కాగితం సృష్టిస్తారు. కొందరు తప్పుడు వివరాలతో నిజమైన పాలసీయే తీసి, మనం డబ్బు పంపాక దాన్ని రద్దుచేసి, వాపసు సొమ్ము వాళ్లే జేబులో వేసుకుంటారు. దేశానికి కొత్తగా వచ్చినవాళ్లు, ప్రీమియం భారం మోయలేనివాళ్లే వీళ్లకు సులువుగా చిక్కుతారు. మనకు చేతిలో కాగితం ఉంటుంది. రోడ్డు పక్కన నంబరు ప్లేట్లు చదివే పోలీసు కెమెరాకు మాత్రం ఇన్సూరెన్స్ లేని కారే కనిపిస్తుంది. దొరికితే 300 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద ఆరు పాయింట్లు. కారును అక్కడికక్కడే పట్టుకుపోవచ్చు.

రెండో దారి ప్రాణ స్నేహితుడు చెప్పాడు. "మీ ఆవిడ రికార్డు శుభ్రంగా ఉందిగా. పాలసీ ఆవిడ పేరు మీద తీసి, కారు ఎక్కువగా నడిపేది ఆవిడేనని రాయి. నువ్వు అప్పుడప్పుడు నడుపుతావని పెట్టు. డీఆర్10 ముందు సీట్లోంచి వెనక సీట్లోకి పోతుంది."

అతను ఆ మాట ఇంట్లో ఎత్తాడు. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.

"బావా, ఆ కారులో రోజూ తిరిగేది నువ్వు. నేను తిరుగుతున్నానని సంతకం పెడితే అది అబద్ధం. రేపు నువ్వు ఎవరినైనా గుద్దావనుకో, కంపెనీవాళ్లు విచారిస్తే మోసం నా పేరు మీద పడుతుంది. నా నర్సు రిజిస్ట్రేషన్ ఏమవుతుంది? మనకు ఇక్కడ బతుకునిచ్చింది అదేగా."

దీన్ని అక్కడ 'ఫ్రంటింగ్' అంటారు. స్నేహితుడు చిట్కాలా చెప్పినా చట్టం దాన్ని మోసంగానే చూస్తుంది. భార్యను రెండో డ్రైవరుగా నిజాయితీగా చేర్చడం వేరు. అది న్యాయం, దానివల్ల ప్రీమియం తగ్గనూ వచ్చు. ఎవరు ఎక్కువ నడుపుతారన్న చోట అబద్ధం రాయడమే నేరం.

"పోనీ ఆ ప్రశ్నకు 'కాదు' అని కొట్టేస్తే? ఎవరు చూస్తారు?" అన్నాడు చివరికి, ఆశ చావక.

చూస్తారు. లైసెన్సు నంబరు ఇస్తే దాని ద్వారా శిక్షల రికార్డు చూసుకునే ఏర్పాటు కంపెనీలకు 2014 నుంచి ఉంది. పాలసీ ఇచ్చేటప్పుడు చూడకపోయినా, క్లెయిమ్ వచ్చిన రోజు తప్పక చూస్తారు. 2012 నాటి వినియోగదారుల బీమా చట్టం ప్రకారం, అడిగిన ప్రశ్నకు తెలిసి తెలిసి అబద్ధం చెప్పినవాడి పాలసీని మొదటి నుంచీ లేనట్టే పరిగణించవచ్చు. క్లెయిమ్ ఇవ్వనక్కర్లేదు, కట్టిన ప్రీమియం కూడా తిరిగి ఇవ్వనక్కర్లేదు. 'మీ పాలసీని ఏ కంపెనీ అయినా రద్దు చేసిందా?' అన్న ప్రశ్న ఆ తరువాత ప్రతి దరఖాస్తులోనూ ఎదురవుతుంది. దానికి జవాబు డీఆర్10 కన్నా బరువైపోతుంది.

మావగారి ఫోను

ఆ ఆదివారం వీడియో కాల్‌లో మావగారు కనిపించారు. ఏడాదిగా ఆయన అల్లుడితో ఆ తెల్లవారుజాము గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఆ రోజు కూతురు అంతా చెప్పేసింది.

"అల్లుడుగారూ," అన్నారాయన నెమ్మదిగా, "ఓ మాట చెప్తాను, ఏమనుకోకండి. మా డిపోలో ఊదితే తేలినవాడికి ఆ రోజు బస్సు ఇచ్చేవారు కాదండి. కాగితం రాసేవారు, పైకి పంపేవారు. ఒప్పుకున్నవాడు శిక్ష పడినా మళ్లీ బస్సెక్కడం చూశాను. తన బదులు ఇంకోడిచేత ఊదించి దొరికిపోయినవాణ్ని మాత్రం మేమెవరం మళ్లీ నమ్మలేదండి."

"తప్పయిపోయింది మావయ్యగారూ. ఆ రోజు మీరిద్దరూ కార్లో ఉండగా..."

"మేం బతికే ఉన్నాం కదండీ. ఎదురుగా వచ్చే బండిలో ఎవరున్నారో మనకి తెలీదు. ఇన్సూరెన్సన్నది ఆళ్ల కోసం అండి, మీ కోసం కాదు. ఉన్నదున్నట్టు చెప్పి, ఎంతయితే అంత కట్టండి. కట్టలేకపోతే ఆ కారు అమ్మేయండి."

ఆ చివరి మాటే అసలు దారి చూపించింది.

నిజం చెబితే ఎంత తగ్గింది

సోమవారం పొద్దున్న బీబా వాళ్లకు ఫోన్ చేశాడు. బ్రిటిష్ ఇన్సూరెన్స్ బ్రోకర్స్ అసోసియేషన్‌ను అక్కడ అలా పిలుస్తారు. మామూలు కంపెనీలు వద్దన్నవాళ్లకు, అలాంటి కేసులు తీసుకునే బ్రోకర్ల వివరాలిస్తారు. అలా దొరికిన ఒక బ్రోకర్ కార్యాలయంలో ఫోన్ ఎత్తినామె ముందుగా ఏ ధరా చెప్పలేదు, ప్రశ్నలే అడిగింది.

శిక్ష ఏ తేదీన పడింది? రీడింగ్ ఎంత? నిషేధం ఎన్ని నెలలు? కోర్సు పూర్తయిందా, సర్టిఫికెట్ ఉందా? అంతకుముందు క్లెయిములేమైనా ఉన్నాయా?

అన్నిటికీ కోర్టు కాగితం ముందు పెట్టుకుని జవాబు చెప్పాడు. ఎక్కడా సర్దిచెప్పే ప్రయత్నం చేయలేదు.

"రీడింగ్ చాలా ఎక్కువ కాదు, రెండో నేరం కాదు. అది మీకు మేలు," అందామె. ఊపిరిలో 87.5 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉన్నవాళ్లను, పరీక్షకు నిరాకరించినవాళ్లను, పదేళ్లలో రెండుసార్లు దొరికినవాళ్లను అక్కడ అధిక ప్రమాద నేరస్థులంటారు. వాళ్లు వైద్య పరీక్షలో నెగ్గితే గానీ లైసెన్సు తిరిగి రాదు. "కోర్సు చేశారు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకునే కంపెనీలు కొన్ని ఉన్నాయి. మీ దగ్గరున్న కారు ఏది?"

చెప్పాడు. అప్పుచేసి కొన్న పెద్ద జర్మన్ కారు.

"అక్కడే మీ డబ్బు సగం పోతోంది," అందామె.

బ్రిటన్‌లో కార్లను బీమా కోసం ఏళ్లుగా 1 నుంచి 50 దాకా గ్రూపులుగా వర్గీకరిస్తూ వచ్చారు. అంకె పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది. అతని కారు పై మెట్ల మీదుంది. పెద్ద కారు అమ్మేసి, చిన్న ఇంజను పాత హాచ్‌బ్యాక్ కొంటే లెక్క మారిపోతుంది.

మిగతావి ఒక్కొక్కటిగా చెప్పింది. కారులో బ్లాక్ బాక్స్ పెట్టించుకుంటారా? వేగం, బ్రేకులు, ఏ వేళలో నడుపుతున్నారో అది రాసుకుంటుంది. రాత్రి డ్యూటీ సంగతి ముందే చెప్పాలి, అర్ధరాత్రి ప్రయాణాలకు షరతులు పెట్టే పాలసీలుంటాయి. ప్రమాదం జరిగితే మొదట మీ జేబులోంచి పెట్టుకునే ఎక్సెస్ కాస్త పెంచగలరా? పెంచితే ప్రీమియం తగ్గుతుంది. కానీ ఆ సొమ్ము నిజంగా మీ దగ్గరుంటేనే పెంచండి. పాత నో క్లెయిమ్ బోనస్‌ను రెండేళ్ల విరామం దాకా చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి, మీది ఏడాదే కాబట్టి ఆ రుజువు పంపండి. ఏడాదికి ఎన్ని మైళ్లు తిరుగుతారో ఉన్నది చెప్పండి. నెలనెలా కడితే వడ్డీ పడుతుంది, వీలైతే ఒకేసారి కట్టండి. థర్డ్ పార్టీ మాత్రమే అయితే చవకనుకోకండి, ఒక్కోసారి కాంప్రహెన్సివ్ అంతకన్నా తక్కువకు వస్తుంది, రెండూ అడిగి చూడండి. చివరి రోజు దాకా ఆగకుండా ముందుగానే కొనండి.

జర్మన్ కారు అమ్ముడుపోయింది. అప్పు తీరగా మిగిలిన డబ్బుతో చిన్న కారొచ్చింది. భార్యను రెండో డ్రైవరుగా చేర్చారు, ఉన్నది ఉన్నట్టే. మొదట మూడింతలున్న ప్రీమియం పాతదానికి రెండింతల లోపుకు దిగింది. తక్కువేం కాదు. అయినా జీతంలోంచి కట్టగలిగిన మొత్తమే. నిషేధం ముగిసిన రోజు రాత్రి అతను స్లౌకు కారులో వెళ్లాడు.

పాలసీ పత్రంలో ఒక షరతు భార్య రెండుసార్లు చదివించింది. మళ్లీ మద్యం పరిమితి దాటి ప్రమాదం చేస్తే సొంత కారుకు నష్టపరిహారం రాదు. ఎదుటివారికి కంపెనీ చెల్లించిన సొమ్మును అతని దగ్గరే వసూలు చేయవచ్చు.

మనకూ వర్తించే లెక్క

ఇదంతా సీమదేశపు గొడవ అనుకోనక్కర్లేదు. మన పరిమితి ఇంకా కఠినం. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారికి పదివేల రూపాయల జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. 2007లో ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర బోల్తాపడి కాలిపోయిన పోర్షే కారు కేసులో, తాగి నడిపినందుకు ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ నిరాకరించడం సబబేనని సుప్రీంకోర్టు 2021లో తీర్పిచ్చింది. అదే ఏడాది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమించిన బృందం ట్రాఫిక్ ఉల్లంఘనలను ప్రీమియంతో ముడిపెట్టాలని సూచించింది. మద్యం తాగి నడపడానికే అందులో అన్నిటికన్నా ఎక్కువ పాయింట్లు వేసింది. గాలి ఎటు వీస్తోందో తెలుస్తూనే ఉంది.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఈ సంగతులు ముందే తెలియాలి. లైసెన్సు ఎలా తెచ్చుకోవాలో, కారు ఏది కొనాలో అందరూ చెబుతారు. శిక్ష పడ్డాక ఏం చేయాలో ఎవరూ చెప్పరు. శిక్ష పడినవాళ్లూ సిగ్గుతో ఎవరినీ అడగరు. ఆ మౌనంలోకే ఘోస్ట్ బ్రోకర్లు దూరుతున్నారు. పరువు పోతుందని దాచిపెట్టిన తప్పు చివరికి ఉద్యోగాన్ని, వీసాను, ఇంకొకరి ప్రాణాన్ని మింగేలా పెరుగుతుంది.

అందుకే ఈ కథ. తెల్లారి స్టీరింగు పట్టాల్సిన పని ఉంటే ముందు రాత్రి గ్లాసు ముట్టకండి. అప్పటికే తాగేసి ఉంటే టాక్సీ పిలవండి. ఆ ఖర్చు అయిదేళ్ల ప్రీమియం ముందు ఏపాటిదీ కాదు. తప్పు జరిగి శిక్ష పడిపోయి ఉంటే, కోర్టు కాగితం ముందు పెట్టుకుని అధీకృత బ్రోకర్‌తో మాట్లాడండి. చిన్న కారుకు దిగండి, కోర్సు చేయండి, అడిగిన ప్రతి ప్రశ్నకూ ఉన్నది చెప్పండి. ఏటేటా ఆ భారం తగ్గుతూ వస్తుంది, అయిదేళ్లకు తీరుతుంది. అబద్ధం చెప్పి సగం ధరకు కొన్న కాగితం మాత్రం, మీ కారు కింద ఎవరైనా పడిన రోజున వాళ్లకూ మీకూ దేనికీ పనికిరాదు.